ఒంట్లో బాగుందనిపించిన రోజే జాగ్రత్తరా

ఒరేయ్ చిన్నోడా,

మీ అమ్మ రాత్రి ఫోన్ చేసింది. న్యుమోనియాతో తొమ్మిది రోజులు హాస్పిటల్లో ఉండి డిశ్చార్జ్ అయ్యి వారం కూడా కాలేదు, అప్పుడే మూడో అంతస్తు దాకా మెట్లెక్కి డాబా మీదకి పోయావంట, దిగినాక సాయంత్రం దాకా మంచం దిగలేకపోయావంట. తిట్టడానికి కాదురా ఈ ఉత్తరం, నేనూ సరిగ్గా ఇదే చేశాను కాబట్టి రాస్తున్నా.

2021 మే గుర్తుంది కదా నీకు, పదకొండు రోజులు ఆక్సిజన్ మీద ఉండి ఇంటికొచ్చా. మూడో రోజు పొద్దున లేస్తే ఒళ్ళు తేలిగ్గా ఉంది, ముప్పై ఏళ్ళు డ్రిల్ మాస్టారుగా చేసినోడిని నాకేంటిలే అని కాలవ గట్టు దాకా బయల్దేరా. పోవడం పోయా, తిరిగి రాలేకపోయా, తూము మీద కూలబడితే పాలబ్బాయి బండి మీద తెచ్చి ఇంట్లో దింపాడు. దాంతో భయం పట్టుకుని రెండు వారాలు మంచం దిగలా. ఆ రెండు తప్పుల్లో మంచం పట్టడమే పెద్ద తప్పు అని తర్వాత ఫిజియో చెప్పాక తెలిసింది. ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్ళని పది రోజులు మంచం మీదే ఉంచి చూస్తే కాళ్ళల్లో కండ దాదాపు ఒక కిలో తగ్గిందంట, ఇంక జబ్బుపడ్డోళ్ళ సంగతి చెప్పేదేముంది. నీకొచ్చే ఆయాసం అంతా ఊపిరితిత్తులదే అనుకోకు, కాళ్ళు నీరసపడితే అదే నడకకి ఎక్కువ గాలి అడుగుతాయి.

అందుకని ముందు కుర్చీతో మొదలుపెట్టు. చేతులు ఆనించకుండా లేచి కూర్చోవడం, పొద్దున ఐదుసార్లు సాయంత్రం ఐదుసార్లు, చాలు. నడక ఇంట్లోనే ఐదు నిమిషాలు, రోజుకి మూడుసార్లు. గంటసేపు ఒకేసారి నడవడం కంటే ముక్కలు ముక్కలుగా నడిస్తేనే నీకిప్పుడు మంచిది. రెండు మూడు రోజులకోసారి ఒక నిమిషం పెంచు, అంతే. నడుస్తా మాట్లాడి చూడు, మాట మధ్యలో తెగి గాలి కోసం ఆగుతున్నావంటే స్పీడు ఎక్కువైందని లెక్క.

అసలు లెక్క మాత్రం మర్నాడు తెలుస్తుంది. నడిచిన రోజు హుషారుగానే ఉంటుంది, తెల్లారి లేచేసరికి ఒళ్ళంతా పిండేసినట్టుంటే నిన్న ఎక్కువ చేశావని, అప్పుడు రెండు రోజుల కిందటి నిమిషాలకి వెనక్కి పో, కానీ పూర్తిగా మానకు. ఒక నోట్‌బుక్ పెట్టుకుని నిమిషాలు రాయి, నడవకముందు నడిచాక వేలికి పెట్టే ఆక్సీమీటర్‌లో ఆక్సిజన్ నంబరు కూడా రాయి. వేళ్ళు చల్లగా ఉంటే తప్పు చూపిస్తుంది, రుద్దుకుని పెట్టు. మామూలుగా ఉండే దానికంటే నాలుగు పాయింట్లు పడితే ఆగి కూర్చో, కూర్చున్నాక కూడా పైకి రాకపోతే, లేదా 92 కిందే ఉంటే డాక్టరుకి ఫోన్ చెయ్యి.

ఆయాసం వచ్చినప్పుడు నోరు తెరిచి రొప్పొద్దు. ముక్కుతో తీసుకుని, పెదాలు ముడిచి, దీపం వత్తి వణకాలి గానీ ఆరకూడదు అన్నట్టు మెల్లగా ఊదు, తీసుకున్న దానికి రెట్టింపు సేపు. మెట్లెక్కేటప్పుడు నిలబడి గాలి తీసుకో, వదుల్తా ఎక్కు. ఊపిరి కసరత్తుకని హాస్పిటల్లో ఆ మూడు బంతుల బొమ్మ ఇచ్చారు కదా, దాన్ని చాలామంది ఊదుతారు, అది ఊదేది కాదు పీల్చేది, గబుక్కున లాగి బంతులన్నీ పైకి ఎగరేయడం కాదు, మెల్లగా పీల్చి నిలపాలి.

స్నానం మాత్రం స్టూల్ మీద కూర్చుని చెయ్యి, గడియ పెట్టకు. నన్ను నడక కంటే స్నానమే ఎక్కువ అలిసిపోయేట్టు చేసింది, చేతులు పైకెత్తి తల రుద్దుకోవడం ఎంత పనో అప్పుడే తెలిసింది.

తిండి సంగతి మీ అమ్మ చూసుకుంటుంది, గుడ్డు, పప్పు మానకు, కండ తిరిగి రావాలంటే అవి కావాలి. ఇంక సిగరెట్ సంగతి నాకు తెలుసురా, మీ అమ్మకి చెప్పలేదు. ఇన్ని రోజులు ముట్టకుండా ఉన్నావు కదా, ఇంక మళ్ళీ ముట్టుకోకు, అడుగుతున్నా. కాల్చిన అలవాటు ఉంది కాబట్టి ఆరు వారాలకి ఎక్స్‌రే మళ్ళీ తీయించుకోవడం కూడా మర్చిపోకు, బాగానే ఉన్నాలే అని ఎగ్గొట్టొద్దు.

దగ్గు నెలన్నర దాకా ఉండొచ్చు, నీరసం మూడు నెలలైనా పూర్తిగా పోకపోవచ్చు, కంగారుపడకు. కానీ జ్వరం తిరగబెట్టినా, ఒక పిక్క మాత్రమే వాచి నొప్పి పెట్టినా, నువ్వే డాక్టర్ దగ్గరికి పో, ఆ రోజే. గుండెల్లో నొప్పి వచ్చినా, కళ్ళెలో రక్తం పడినా, కూర్చున్నా ఆయాసం తగ్గకపోయినా నాకు కాదు, 108కి ఫోన్ చెయ్యి. క్రికెట్ ఇప్పుడే వద్దు, ఆఫీసుకి కూడా మొదట సగం పూట అడుగు.

ఆదివారం పొద్దున ఏడింటికి ఫోన్ చేస్తా. కూర్చుని మాట్లాడకు, హాల్లో నడుస్తా మాట్లాడు, నీ మాట ఎక్కడ తెగుతుందో విని ఎన్ని నిమిషాలు పెంచాలో నేను చెప్తా.

మీ మావయ్య