ఆ మచ్చ మంచుగడ్డా, రాయా?

అలాస్కాలోని ఫెయిర్‌బ్యాంక్స్ దగ్గర కొత్త రోడ్డు కోసం తీసిన రెసిస్టివిటీ సెక్షన్‌లో (నేల కరెంటును ఎంత అడ్డుకుంటుందో లోతువారీగా చూపే చిత్రంలో) ఎక్కువ విలువలున్న మచ్చ కనిపించిందనీ, అది మంచుగడ్డో రాయో తేలక బోరు ఎక్కడ వేయాలో తెలియడం లేదనీ అడిగారు. ఆ సెక్షన్ ఒక్కదానితో తేల్చాలని చూడకండి, తేలదు. మంచుగడ్డకైనా, పొడి కంకరకైనా, అడుగునున్న షిస్టు అనే పొరల రాయికైనా రెసిస్టివిటీ ఎక్కువగానే వస్తుంది.

అదే లైన్ మీద సీస్మిక్ రిఫ్రాక్షన్ (నేలలో కంపన తరంగాల వేగం కొలిచే సర్వే) చేయించండి. పొడి కంకరలో పీ-తరంగం (అన్నిటికంటే ముందు చేరే కంపన తరంగం) వేగం సాధారణంగా సెకనుకు 1,000 మీటర్ల లోపే. గట్టిగా గడ్డకట్టిన నేలలో 2,500 దాటుతుంది. కంకర సంగతి అక్కడే తేలిపోతుంది. రాయి వేగం మాత్రం గడ్డకట్టిన నేలకు దగ్గరగా రావచ్చు, దానికి బోరు తప్పదు.

నన్ను ఎక్కువ టెన్షన్ పెట్టేది మచ్చ లేని చోటు. ఫెయిర్‌బ్యాంక్స్ ప్రాంతంలో పర్మాఫ్రాస్ట్ (ఏళ్ల తరబడి గడ్డకట్టే ఉండే నేల) చాలాచోట్ల సున్నా డిగ్రీలకు కాస్త కిందే ఉంటుంది. సన్నటి ఒండ్రులో అప్పుడు కొంత నీరు గడ్డకట్టకుండానే మిగిలిపోతుంది. దాంతో రెసిస్టివిటీ పడిపోయి, సెక్షన్‌లో కరిగిన నేలలా కనిపిస్తుంది. అందుకే ఒక బోరు మచ్చ మీద, ఇంకొకటి దాని బయట వేయించండి. కోర్ తీసి మంచు శాతం చూడండి, బోరు గొట్టంలోకి థర్మిస్టర్ (ఉష్ణోగ్రత కొలిచే సెన్సర్) కేబుల్ దించి ఉష్ణోగ్రత నమోదు చేయండి.

రెసిస్టివిటీ సర్వేలో ఎలక్ట్రోడ్ల (నేలలోకి కరెంటు పంపే కడ్డీల) మధ్య 5 మీటర్లు పెట్టామన్నారు. ఫెయిర్‌బ్యాంక్స్‌కు ఉత్తరాన ఫాక్స్ అనే ఊరి దగ్గరి పర్మాఫ్రాస్ట్ సొరంగం గోడల్లో కనిపించే, కిందికి సన్నబడుతూ దిగే నిలువు మంచుగడ్డల్లాంటివి ఆ దూరానికి దొరక్కపోవచ్చు. అనుమానమున్న చోట 1 మీటరుకు తగ్గించి, అడ్డంగా ఇంకో లైన్ వేయండి. ఆగస్టు చివర్లోనో సెప్టెంబరులోనో అయితే పైపొర బాగా కరిగి ఉంటుంది, ఎలక్ట్రోడ్లకు కాంటాక్ట్ చక్కగా దొరుకుతుంది.