తల దించుకుంది తప్పు తెలిసి కాదు

ప్రశ్న: మా కుక్కకు మూడేళ్లు. ఇన్నాళ్లూ నేను ఇంటి నుంచే పనిచేశాను. రెండు నెలలుగా ఆఫీసుకు వెళ్తున్నాను. మేం లేనప్పుడు తలుపు చెక్కంతా కొరికేస్తోంది, హాల్లోనే మూత్రం పోస్తోంది. మేం రాగానే మూలకు పోయి తల దించుకుంటుంది. ‘చేసిన తప్పు దానికి తెలుసు’ అని మావారు కొడుతున్నారు, ఎవరికైనా ఇచ్చేద్దామంటున్నారు. మంచి తిండి, మెత్తటి పరుపు, అన్నీ ఉన్నాయి. ఇంకేం లోటు చేశాం?

జవాబు: ముందు ఆ దెబ్బలు ఈ రోజుతో ఆపించండి. తల దించుకోవడం, చెవులు వెనక్కి వాల్చడం, పక్కచూపులు చూడటం మనకు తప్పు ఒప్పుకున్నట్టే కనిపిస్తాయి. కుక్కల ప్రవర్తన మీద పనిచేసే అలెగ్జాండ్రా హోరోవిట్జ్ 2009లో దీన్నే పరీక్షించి చూశారు. వద్దన్న తిండి ముట్టుకోని కుక్కను తిట్టినా అదే ముఖం పెట్టింది. అంటే మీవారి కోపం చూసి జంకుతోందన్నమాట. పొద్దున కొరికిన తలుపుకూ సాయంత్రం పడే దెబ్బకూ ఉన్న సంబంధం దానికి తెలియదు. రోజంతా ఎదురుచూసిన మనుషులు వచ్చీరాగానే కొడుతున్నారు, అంతే తెలుసు.

మూడేళ్లు మీ కాళ్ల దగ్గర పడుకున్న ప్రాణికి ఉన్నట్టుండి ఇల్లు ఖాళీ అయిపోయింది. వెళ్లేటప్పుడు పాత ఫోను ఒకటి వీడియో పెట్టి వెళ్లండి. ఇలాంటి కుక్కలు చాలావరకు మనం గడప దాటిన మొదటి అరగంటలోనే అల్లాడిపోతాయి. తలుపునే ఎందుకు కొరుకుతోందో అప్పుడు మీకే తెలుస్తుంది. మీరు వెళ్లింది అటే కదమ్మా!

మూత్రం సంగతి పశువైద్యుడికి చూపించండి. ఇన్ఫెక్షన్ ఉన్నా అలాగే పోస్తుంది.

సెలవు రోజున తాళాలు తీసి, చెప్పులు వేసుకుని, ఎక్కడికీ వెళ్లకుండా మళ్లీ కూర్చోండి. రోజుకు నాలుగైదుసార్లు అలా చేయండి. తాళాల చప్పుడుకు ఉలిక్కిపడటం తగ్గాక ఒక నిమిషం బయట నిలబడి రండి, తర్వాత ఐదు నిమిషాలు. అది కంగారు పడకముందే లోపలికి రావాలి. వారాలు పడుతుంది. ఈలోగా రోజంతా ఒంటరిగా వదలకండి. పగటిపూట ఎవరైనా దాని దగ్గరుండే ఏర్పాటు చేసుకోండి, లేదా మీ ఇద్దరి పనివేళలు కాస్త అటూ ఇటూ మార్చుకోండి.

ఇంకేం లోటు అని అడిగారు. మీ సమయం. గబగబా గొలుసు లాగుతూ ఒక చుట్టు తిప్పి తెస్తే దానికి నడిచినట్టే ఉండదు. కుక్కకు లోకం తెలిసేది ముక్కుతో. ఒక చెట్టు మొదట్లో రెండు నిమిషాలు వాసన చూస్తుంటే చూడనివ్వండి. ఫోను జేబులో పెట్టుకుని ఆ అరగంట దాని ఇష్టానికి వదిలేయండి. మీవారు తీసుకెళ్తే మరీ మంచిది. కొట్టిన చెయ్యి కాబట్టి మొదట్లో వెనకాడుతుంది, ఓపిక పట్టమనండి.

ఇవన్నీ మనస్ఫూర్తిగా చేశాక కూడా దానికి ఒంటరితనమే మిగిలితే, పగలు మనుషులుండే ఇల్లు వెతకడం పాపమేమీ కాదు. కానీ ఈ అలవాటు దాచకుండా చెప్పి ఇవ్వండి. దాచారంటే నెల తిరక్కుండానే అక్కడి నుంచీ దాన్ని పంపేస్తారు.

వీడియోలో ఏం కనిపించిందో రాయండి.