మీ ప్రశ్నలు – మా జవాబులు: పాఠాలు క్లౌడ్‌లో పెడితే తాళంచెవి ఎవరి దగ్గర ఉండాలి?

పోయిన నెల ఈ శీర్షికలో ఆన్‌లైన్ పాఠాల గురించి మీ అనుభవాలు రాయమని అడిగాం. టీచర్లు, తల్లులు, ఒక స్కూల్ కరస్పాండెంట్ గారు, ఏజెన్సీ నుంచి ఒక హెచ్‌ఎం గారు రాశారు. పేర్లు వెయ్యట్లేదు, ఊళ్ళు కూడా జిల్లా వరకే.

ప్రశ్న (జడ్పీ హైస్కూల్ సైన్స్ టీచర్, ప్రకాశం జిల్లా): సార్ నమస్తే. మా లెక్కల మాస్టారు మూడేళ్ళుగా నోట్స్, ఎఫ్‌ఏ (ఫార్మేటివ్ అసెస్‌మెంట్) పరీక్ష పేపర్లు, వీడియోలు అన్నీ గూగుల్ డ్రైవ్‌లో పెట్టి మా అందరికీ లింకులు ఇచ్చారు. మొన్న బదిలీల్లో ఆయన వేరే మండలం వెళ్ళిపోయారు. ఇప్పుడు ఒక్కో లింకూ తెరుచుకోవడం మానేసింది. ఫోన్ చేస్తే స్టోరేజ్ నిండిపోయిందమ్మా, పాతవి కొన్ని తీసేశాను అన్నారు. ఆయన్ని తప్పు పట్టలేను. అవి మళ్ళీ వస్తాయా?

జవాబు: అమ్మా, ఇది చదవగానే ముందు ఆయనకి ఫోన్ చెయ్యండి, మిగతా జవాబు తర్వాత చదువుకోవచ్చు. డ్రైవ్‌లో డిలీట్ చేసింది వెంటనే పోదు, ట్రాష్‌లో 30 రోజులు ఉంటుంది, ఆ లోపు అయితే ఆయన ట్రాష్ తెరిచి రీస్టోర్ నొక్కితే మీ లింకులు మళ్ళీ పని చేస్తాయి. 30 రోజులు దాటితే మీలో ఎవరైనా ఎప్పుడో ఫోన్‌లోకో పెన్‌డ్రైవ్‌లోకో దించుకున్నవి వెతుక్కోవడమే, స్టాఫ్‌రూమ్ కంప్యూటర్‌లో డౌన్‌లోడ్స్ ఫోల్డర్ కూడా ఓసారి చూడండి, నా అనుభవంలో సగం అక్కడే దొరుకుతాయి.

ఎందుకిలా అయిందంటే మామూలు జీమెయిల్ ఖాతాకి ఉచితంగా ఇచ్చేది 15 జీబీ, అందులోనే మెయిల్సు, అందులోనే ఫోన్ ఫొటోలు, అందులోనే డ్రైవ్. మాస్టారి ఇంట్లో ఒక పెళ్ళి జరిగి ఫొటోలన్నీ బ్యాకప్ అయితే చాలు మీ తొమ్మిదో తరగతి బీజగణితానికి చోటుండదు. క్లౌడ్ అంటే పైన ఎక్కడో ఉన్నట్టు మాట్లాడుకుంటాం గానీ అవి ఎవరో నడిపే సర్వర్ల గదులు, అమెజాన్ వాళ్ళవైతే 2022 నవంబర్ నుంచి మన హైదరాబాద్ రీజియన్‌లోనే ఉన్నాయి. అందులో మనకిచ్చేది ఒక అద్దె గది లాంటిది, అగ్రిమెంట్ ఎవరి పేరు మీద ఉంటే గది వాళ్ళది. మూడేళ్ళు స్కూల్ సామాను మాస్టారి సొంత గదిలో పెట్టారు, ఆయన గది సర్దుకున్నారు, అంతే జరిగింది.

ఇప్పుడు ఏం చెయ్యాలంటే స్కూల్ పేరుతో ఒక ఖాతా తెరవండి, రికవరీ ఫోన్ నంబర్ హెచ్‌ఎం దగ్గర ఉండే స్కూల్ నంబర్ పెట్టండి. ఆ ఖాతాతో లాగిన్ అయ్యి ఒక్కో టీచర్ షేర్ చేసిన ఫోల్డర్ లోపలికి వెళ్ళి ఫైళ్ళన్నీ సెలెక్ట్ చేసి 'మేక్ ఎ కాపీ' కొట్టండి. అలా కొట్టిన కాపీకి యజమాని స్కూల్ ఖాతా అవుతుంది. ఇక్కడే చాలామంది పొరబడతారు, స్కూల్ ఫోల్డర్‌లోకి టీచర్ తన ఫైల్ ఎక్కిస్తే అది స్కూల్‌ది అయిపోయిందనుకుంటారు, కానీ ఎవరు ఎక్కిస్తే యాజమాన్యం వాళ్ళదే, వాళ్ళు తీసేస్తే పోతుంది. ఇంకోటి, మామూలు ఖాతా రెండేళ్ళు ఎవరూ ముట్టకపోతే గూగుల్ దాన్ని తీసేసే రూలు పెట్టింది, 2023 డిసెంబర్ నుంచి అమలు చేస్తోంది, కాబట్టి నెలకోసారైనా ఎవరో ఒకరు లాగిన్ అవ్వాలి.

వీలైతే ఇంకా మంచి దారి ఉంది. గుర్తింపు ఉన్న స్కూళ్ళకి గూగుల్ వర్క్‌స్పేస్ ఫర్ ఎడ్యుకేషన్ మొదటి స్థాయి ఉచితం, సంస్థ మొత్తానికి కలిపి 100 టీబీ చోటు ఇస్తున్నారు. దానికి సొంత డొమైన్ పేరు, అంటే ఇంటర్నెట్‌లో స్కూల్‌కంటూ ఒక చిరునామా, కావాలి, ఏటా కొంత ఖర్చు అవుతుంది, స్కూల్ కమిటీలో మాట్లాడి చూడండి. అందులో 'షేర్డ్ డ్రైవ్' అని ఉంటుంది, అందులో పెట్టిన ఫైల్ ఏ టీచర్‌దీ కాదు, సంస్థదే, మాస్టారు బదిలీ అయినా రిటైరైనా ఫైల్ అక్కడే ఉంటుంది.

నా మాటగా ఒకటి అడుగుతాను. చార్జ్ అప్పగించేటప్పుడు బీరువా తాళాలు, స్టాక్ రిజిస్టర్, సైన్స్ ల్యాబ్ సామాను లెక్క అన్నీ రాసి సంతకాలు పెడతారు కదా, ఆ కాగితంలోనే ఇంకో లైన్ చేర్చండి, స్కూల్ ఖాతా పేరు, పాస్‌వర్డ్ మార్చి అప్పగించామని. ఆయన మూడేళ్ళ రాత్రుళ్ళు కూర్చుని చేసిన పని, నెల రోజుల్లో లేకుండా పోయిందంటే మనసుకి కష్టంగా ఉంది.

ప్రశ్న (తెలుగు పండితులు, నల్లగొండ జిల్లా): పదిహేనేళ్ళుగా డీటీపీ సెంటర్లో కొట్టించిన ప్రశ్నపత్రాలు, వ్యాకరణం నోట్సు నా దగ్గరున్నాయి, అన్నీ అను ఫాంట్స్‌వి. డ్రైవ్‌లో పెడితే తెరవగానే పిచ్చి పిచ్చి ఇంగ్లిష్ గుర్తులు వస్తున్నాయి. మళ్ళీ టైప్ చేయించాలా?

జవాబు: వద్దు మాస్టారూ. అను ఫాంట్స్‌లో అక్షరం లోపల దాచుకునేది ఇంగ్లిష్ కీబోర్డు గుర్తులనే, పైన తెలుగు బొమ్మ తొడుగుతుంది. ఆ ఫాంట్ లేని ఫోన్‌లోనో బ్రౌజర్‌లోనో తెరిస్తే బొమ్మ ఊడిపోయి గుర్తులు బయటపడతాయి. వెతికినా దొరకదు, డ్రైవ్‌లో 'సంధులు' అని కొడితే మీ ఫైల్ రాదు, ఎందుకంటే దాని లోపల ఎక్కడా సంధులు అనే మాట లేదు.

రెండు దార్లున్నాయి. అను నుంచి యూనికోడ్‌కి, అంటే ఏ ఫోన్‌లోనైనా తెలుగుగానే కనపడే అక్షరాల పద్ధతికి, మార్చే కన్వర్టర్లు ఉన్నాయి, టెక్స్ట్ కాపీ చేసి అందులో వేస్తే చాలా భాగం సరిగ్గానే వస్తుంది. ఫైల్ తెరవడమే కష్టమైతే ఆ డీటీపీ అబ్బాయినే పేజీలు బొమ్మలుగా (జేపీజీ) చేసి ఇమ్మనండి, లేదా కాగితాన్ని వెలుతురులో నీట్‌గా ఫొటో తీయండి. దాన్ని డ్రైవ్‌లో ఎక్కించి, కంప్యూటర్‌లో దాని మీద రైట్ క్లిక్ చేసి 'ఓపెన్ విత్ గూగుల్ డాక్స్' అంటే అందులోని తెలుగు అక్షరాల్ని గుర్తుపట్టి టెక్స్ట్‌గా మార్చి ఇస్తుంది. తెలుగు వికీసోర్స్ అనే ఉచిత ఆన్‌లైన్ గ్రంథాలయంలో పాత పుస్తకాలు ఎక్కించే వాలంటీర్లు గూగుల్ వాళ్ళ ఈ అక్షరాలు గుర్తుపట్టే పద్ధతినే వాడతారు. తప్పులొస్తాయి, ముఖ్యంగా ఒత్తుల దగ్గర, అరసున్నా దగ్గర, బ్రాకెట్లో ఇచ్చిన మార్కుల దగ్గర. మీరొకసారి చదివి దిద్దాలి. ఛందస్సు గణాల గుర్తులు మాత్రం నమ్మకండి, అవి చేత్తో మళ్ళీ పెట్టుకోవాల్సిందే.

పదిహేనేళ్ళ పని ఒక్కసారే వద్దు, ముందు పదో తరగతిది చెయ్యండి. మీ తర్వాత వచ్చే పండితులకి ఇది ఎంత ఆస్తో మీకూ తెలుసు.

ప్రశ్న (ఒక తల్లి, కర్నూలు): మా బాబు ప్రైవేట్ స్కూల్లో ఏడో తరగతి. హోంవర్క్ అంతా యాప్‌లోనే పెడుతున్నారు. ఇంట్లో ఒక్కటే పెద్ద ఫోను, అది మా ఆయన ఆటోలో ఉంటుంది, రాత్రి తొమ్మిదిన్నర దాటితే గానీ ఇంటికి రారు. పొద్దున్నే చెయ్యలేదని బాబుని నిలబెడుతున్నారు. మేమే తప్పు చేస్తున్నామా?

జవాబు: లేదు తల్లీ, మీ తప్పు ఒక్క పిసరు కూడా లేదు. ఆ ఫోన్ మీ ఇంటికి అన్నం పెడుతోంది, పగలు అది ఇంట్లో ఉండాలనడం న్యాయం కాదు. హోంవర్క్ యాప్‌లో పెట్టడం తప్పు కాదు, యాప్‌లో మాత్రమే పెట్టడం తప్పు. బెల్ కొట్టే ముందు బోర్డు మీద నాలుగు లైన్లు రాస్తే పిల్లలు డైరీలో ఎక్కించుకుంటారు, దానికి ఐదు నిమిషాలు చాలు.

కరోనా ఏడాది గుర్తుందా, 2020 సెప్టెంబర్ 1 నుంచి తెలంగాణలో పాఠాలు దూరదర్శన్ యాదగిరిలోనూ రాష్ట్ర ప్రభుత్వ విద్యా ఛానెల్ టీశాట్‌లోనూ వేశారు. ఫోన్ లేని ఇళ్ళున్నాయి, టీవీ అయితే ఇంకొంతమందికి అందుతుంది. పిల్లలందరికీ అందే దారి చూసుకున్నాకే మిగతావన్నీ అనే ఆలోచన బడికి ఉండాలి.

మీరు ఒక్కరే వెళ్ళకండి, క్లాస్‌లో ఇలాంటి ఇళ్ళు ఇంకో ఐదారు తప్పకుండా ఉంటాయి, అందరూ కలిసి పేరెంట్స్ మీటింగ్‌లో అడగండి. ఒక కాగితం మీద రాసి ఇవ్వండి, సాయంత్రం నాలుగు తర్వాత యాప్‌లో పెట్టిన పనికి మర్నాడే పిల్లల్ని అడగొద్దు, శిక్షించొద్దు అని. శిక్ష మాట తప్పకుండా రాయండి. పిల్లల్ని శారీరకంగా గానీ మానసికంగా గానీ శిక్షించకూడదని విద్యాహక్కు చట్టంలోనే ఉంది, ఇంట్లో ఫోన్ లేదని పిల్లవాణ్ణి అందరి ముందు నిలబెట్టడం నాకు అస్సలు మింగుడు పడట్లేదు.

ఇంట్లో టీవీకి డీడీ ఫ్రీ డిష్ ఉంటే నెల నెలా డబ్బు కట్టక్కర్లేకుండా కేంద్రం వాళ్ళ పాఠాల ఛానెళ్ళు, పీఎం ఈ-విద్యవి, వస్తాయి. ఆదివారం మీ ఆయన ఇంట్లో ఉన్నప్పుడు ఫోన్‌లో దీక్ష అనే ప్రభుత్వ పాఠాల యాప్ దించుకోండి. బాబుది ప్రభుత్వ పాఠ్యపుస్తకమే అయితే పాఠం దగ్గర నల్ల గళ్ళ క్యూఆర్ కోడ్ ఉంటుంది చూడండి, స్కాన్ కాకపోతే దాని కింద ఆరు అక్షరాల కోడ్ ఉంటుంది, అది టైప్ చేసినా పాఠం వస్తుంది. వారానికి కావాల్సినవి డౌన్‌లోడ్ చేసి పెట్టుకుంటే తర్వాత నెట్ లేకపోయినా తెరుచుకుంటాయి.

ప్రశ్న (స్కూల్ కరస్పాండెంట్, ఖమ్మం): మా దగ్గర 400 మంది పిల్లలు. ఒక కంపెనీ వాళ్ళొచ్చి పిల్లాడికింత అని ఎల్‌ఎంఎస్ (పాఠాలు, పరీక్షలు, మార్కులు ఆన్‌లైన్‌లో నడిపే సాఫ్ట్‌వేర్) అమ్ముతామంటున్నారు. మూడ్‌ల్ అయితే ఫ్రీ అని మా అల్లుడు అంటున్నాడు. ఏది తీసుకోమంటారు?

జవాబు: మీ అల్లుడు చెప్పింది నిజమే. మూడ్‌ల్‌ని మార్టిన్ డౌజియామాస్ అనే ఆయన ఆస్ట్రేలియాలో తయారుచేశారు, మొదటి వెర్షన్ 2002లో వచ్చింది, సాఫ్ట్‌వేర్‌కి రూపాయి కట్టక్కర్లేదు. కానీ దాన్ని పెట్టే సర్వర్‌కి అద్దె కట్టాలి, అప్‌డేట్లు వెయ్యాలి, బ్యాకప్ తియ్యాలి, పరీక్ష రోజు పొద్దున ఆగిపోతే లేపడానికి ఒక మనిషి ఉండాలి. ఆ మనిషి మీ దగ్గర జీతం మీద ఉంటే మూడ్‌ల్ అంత మంచిది లేదు, దాని మొబైల్ యాప్‌లో పాఠాలు దించుకుని నెట్ లేకుండా చదవచ్చు, టీచర్ అనుమతిస్తే క్విజ్ కూడా ఆఫ్‌లైన్‌లో రాసి తర్వాత పంపచ్చు. అల్లుడు గారు సెలవుల్లో వచ్చి పెట్టి వెళ్ళిపోతారంటే మాత్రం వద్దు. గూగుల్ వాళ్ళే నడిపే గూగుల్ క్లాస్‌రూమ్‌తో మొదలుపెట్టండి.

కంపెనీ దగ్గర తీసుకోవాలనే అనుకుంటే సంతకం పెట్టే ముందు గట్టిగా అడగండి: రేపు మానేస్తే మా పాఠాలు, మార్కులు మాకు ఏ రూపంలో ఇస్తారు, ఎక్సెల్‌లోనా, అసలు ఇస్తారా? సమాధానం నోటితో చెప్తే సరిపోదు, అగ్రిమెంట్‌లో ఉండాలి. పిల్లల వివరాలు ఏమేం అడుగుతున్నారో చూడండి. 2023లో వచ్చిన డిజిటల్ పర్సనల్ డేటా ప్రొటెక్షన్ చట్టం 18 ఏళ్ళ లోపు వాళ్ళని పిల్లలుగానే చూస్తుంది, వాళ్ళ వివరాలు వాడాలంటే తల్లిదండ్రుల అనుమతి కావాలంటుంది, వాళ్ళని గురిపెట్టి యాడ్స్ చూపించకూడదంటుంది. పాఠం చెప్పడానికి ఆధార్ నంబర్ ఎందుకు? పేరు, తరగతి, సెక్షన్ చాలు.

ఒక స్కూల్ వాళ్ళు పేరెంట్స్ గ్రూపులో మార్కుల షీట్ లింక్ పెడితే నాకు ఎవరో పంపారు. తెరిచాను. మార్కులు ఒక కాలమ్‌లో ఉన్నాయి, పక్కకి జరిపితే పుట్టిన తేదీ, కులం, ఆధార్, తండ్రి ఫోన్ నంబర్ వరసగా ఉన్నాయి, అరవై మంది పిల్లలవి. 'లింక్ ఉన్న ఎవరైనా' అని పెట్టి వదిలేశారు. వెంటనే ఫోన్ చేసి తీయించాను కానీ ఆ లింక్ అప్పటికే ఎంతమంది చేతులు మారిందో. మీ దగ్గర ఆ ఒక్క సెట్టింగ్ ఎవరు చూస్తారో ముందు తేల్చుకోండి.

ప్రశ్న (హెచ్‌ఎం, అల్లూరి సీతారామరాజు జిల్లా): మా ఊళ్ళో సిగ్నల్ కావాలంటే కొండెక్కాలి. మీరు చెప్పేవన్నీ మాకు పనికొస్తాయా?

జవాబు: వస్తాయి మేడమ్, ఇంకో రూపంలో. ఏపీలో 2022 డిసెంబర్‌లో ఎనిమిదో తరగతి పిల్లలకి ట్యాబులు ఇచ్చినప్పుడు పాఠాలు వాటిలో ముందే ఎక్కించి ఇచ్చారు, మీ లాంటి ఊళ్ళలో నెట్ మీద ఆధారపడితే పని జరగదు. అదే పని మీరూ చేసుకోవచ్చు. కొలిబ్రి అని ఒక ఉచిత సాఫ్ట్‌వేర్ ఉంది, లర్నింగ్ ఈక్వాలిటీ అనే లాభాపేక్ష లేని సంస్థ చేసింది. నెట్ ఉన్న చోట, అంటే మీరు మండల కేంద్రానికి మీటింగ్‌కి వెళ్ళినప్పుడు, ల్యాప్‌టాప్‌లో అది వేసుకుని కావాల్సిన పాఠాలు దించుకోండి. స్కూల్‌కి తెచ్చి ఒక మామూలు వైఫై రూటర్ పక్కన పెట్టండి. రూటర్‌కి నెట్ అక్కర్లేదు. పిల్లల ట్యాబులు ఆ వైఫైకి కలిపి బ్రౌజర్‌లో ల్యాప్‌టాప్ అడ్రస్ కొడితే పాఠాలు తెరుచుకుంటాయి, ఎవరు ఏ పాఠం చూశారో, క్విజ్‌లో ఏది తప్పు చేశారో ఆ ల్యాప్‌టాప్‌లోనే మీకు కనపడుతుంది.

అందులో దొరికేవి ఎక్కువ ఇంగ్లిష్‌వి. మీ టీచర్లు ఫోన్‌లో తీసిన తెలుగు వీడియోలు కూడా ఎక్కించుకోవచ్చు, పిల్లల మాతృభాష కువి, కొండ, ఆదివాసీ ఒడియా ఏదైనా ఉంటే ఆ భాష వచ్చిన టీచర్‌తో పది నిమిషాల పాఠం చెప్పించి పెట్టండి. రూటర్‌కి పెట్టే చిన్న యూపీఎస్ ఒకటి కొనుక్కోండి, మీ దగ్గర వానాకాలం కరెంటు సంగతి నాకు తెలుసు. ల్యాప్‌టాప్ పెట్టే బీరువా తాళంచెవి మీ దగ్గర ఒకటి, ఇంకో టీచర్ దగ్గర ఒకటి ఉంచండి. ఒక్క తరగతితో రెండు వారాలు నడిపి చూసి ఏది ఆగిందో, పిల్లలు దేని దగ్గర ఎక్కువసేపు కూర్చున్నారో మళ్ళీ రాయండి, వచ్చే సంచికలో చోటు ఉంచుతాను.