43 ఏళ్లకు కూచిపూడి నేర్చుకోవాలని ఉంది

ప్రశ్న: నాకు 43 ఏళ్లు. గుంటూరులో టీచర్‌గా పనిచేస్తున్నాను. చిన్నప్పటి నుంచీ కూచిపూడి నేర్చుకోవాలని ఆశ. అప్పట్లో నాన్నగారు ఒప్పుకోలేదు. ఇప్పుడు మా వీధిలోనే ఒక మాస్టారు సాయంత్రాలు నేర్పుతున్నారు. ఇంట్లో అడిగితే మావారు ‘ఈ వయసులో గజ్జెలేంటి, నలుగురూ నవ్వరా’ అన్నారు. ఇంటర్ చదివే మా అమ్మాయికి ఫ్రెండ్స్ ముందు సిగ్గట. నాకు అప్పుడప్పుడు మోకాళ్ల నొప్పి కూడా ఉంది. మానుకోవడమే మంచిదా?

జవాబు: మానుకోకండి. అప్పుడు నాన్నగారిని అడిగారు, ఇప్పుడు మీవారిని అడిగారు. సంపాదించుకుంటున్న మీకు ఇంత చిన్న కోరికకు ఒకరి అనుమతి అవసరం లేదు. ఇంటి ఏర్పాటు గురించి మాట్లాడుకోవడం మాత్రం అవసరమే. ‘చేరనా?’ అని కాకుండా ‘మంగళ, గురువారాలు ఆరు నుంచి ఏడు దాకా క్లాసులో ఉంటాను, ఆ రెండు రోజులు వంట ఎలా చేద్దాం?’ అని మాట్లాడండి.

మీ వారి భయం నేర్చుకోవడం గురించి కాకపోవచ్చు. డ్యాన్స్ అనగానే చాలామందికి స్టేజీ, ఫేస్‌బుక్ ఫొటోలు, రంగప్రవేశానికి, అంటే మొదటి పూర్తి ప్రదర్శనకి, అయ్యే లక్షల ఖర్చు గుర్తొస్తాయి. అవేవీ మీకు వద్దనుకుంటే ఆ మాట ఆయనకు స్పష్టంగా చెప్పండి. ఎప్పటికైనా స్టేజీ ఎక్కాలని మనసులో ఉంటే మాత్రం దాచకండి. తర్వాత తెలిస్తే గొడవ పెద్దదవుతుంది.

ఇక వయసు మాట. కూచిపూడిలో తరతరాలుగా సత్యభామ వేషం కట్టింది మగవాళ్లే. వేదాంతం సత్యనారాయణ శర్మ గారు వయసు మళ్లాక కూడా తెర మీదుగా జడ వేసి సత్యభామగా ప్రవేశిస్తుంటే జనం కన్నార్పకుండా చూశారు. ఆడవాళ్లు పెద్ద సంఖ్యలో ఈ నాట్యంలోకి వచ్చింది వేదాంతం లక్ష్మీనారాయణ శాస్త్రి గారు, వెంపటి చినసత్యం గారు వాళ్లకు నేర్పాకే. ఫలానా వయసుకే గజ్జె కట్టాలన్న నియమం ఎవరూ పెట్టలేదు. పైగా అభినయంలో మీ వయసు మీకు కలిసొస్తుంది. భామాకలాపం అనే కూచిపూడి నృత్యనాటకంలో సత్యభామ అలగడం, బెంగపడి చెలికత్తె మాధవి చేతికి లేఖ ఇచ్చి కృష్ణుడి దగ్గరకు పంపడం ఎనిమిదేళ్ల పాప టీచర్‌ని చూసి అనుకరిస్తుంది. కాపురం చేసిన మనిషికి ఆ అలక లోపలి నుంచి తెలుసు. ఈ సంతోషం కోసమే చేరమంటున్నాను.

అమ్మాయి సిగ్గును తేలిగ్గా తీసెయ్యకండి. తన ఫ్రెండ్స్ ఇంటికొచ్చిన రోజు ప్రాక్టీస్ వద్దు, రీల్స్ అసలే వద్దు. ఆ మాట మీరే ముందుగా ఇస్తే తన టెన్షన్ సగం తగ్గుతుంది.

మాస్టారిని పెద్దవాళ్ల బ్యాచ్ ఉందేమో అడగండి. లేకపోతే చిన్నపిల్లల క్లాసు అయ్యాక అరగంట విడిగా చెప్పమనండి. పిల్లల వేగంతో మీ వేగాన్ని పోల్చుకోవడం మొదలైతే చాలామంది రెండో నెలలోనే మానేస్తారు.

మోకాళ్లను చేరకముందే ఎముకల డాక్టరుకు చూపించండి. మాస్టారికీ నొప్పి సంగతి మొదటి రోజే చెప్పండి. అరమండిలో, అంటే మోకాళ్లు పక్కలకు వంచి సగం కూర్చునే భంగిమలో, మోకాలు పాదం వేళ్లు చూసే వైపే తెరుచుకోవాలి, లోపలికి వాలకూడదు. ఎంత కిందికి కూర్చోగలిగితే అంతే కూర్చోండి. మొదటి నెలల్లో ఇంట్లో మార్బుల్ నేల మీద పాదం గట్టిగా తట్టకుండా, అడుగులు మెల్లగా వేస్తూ జతులు (అడుగులకు తగ్గ లయ పలుకులు) నోటితో చెప్పుకుంటే సరిపోతుంది. నొప్పి మర్నాటికీ తగ్గకపోతే ఆ వారం కూర్చుని ముద్రలు, కళ్ల కదలికలు సాధన చేయండి.