గుంటూరులో షోరూం బిల్డింగ్‌కి 9 అంగుళాల పిల్లర్లు చాలవు

అన్నా, బ్రాడీపేటలో స్టిల్ట్ పార్కింగ్ (కింద గోడల్లేకుండా పిల్లర్లే ఉండే పార్కింగ్) మీద నాలుగు అంతస్తులు, కింద రెండింట్లో బట్టల షోరూం, పైన ఆఫీసులు అన్నారు. మేస్త్రీ చెప్పిన 9×12 అంగుళాల పిల్లర్లతో మాత్రం మొదలుపెట్టకండి.

ఇళ్ల గదులకు చదరపు మీటరుకు సుమారు 200 కిలోల లైవ్ లోడ్ (మనుషులు, సామాను బరువు) తీసుకుంటారు. షాపులకు బరువుల లెక్కకున్న భారత ప్రమాణం ఐఎస్ 875 ప్రకారం 400 కిలోలు, అంటే రెట్టింపు. స్టాక్ రూం ఉంటే ఇంకా ఎక్కువే. పైగా భూకంపాల ప్రమాణం ఐఎస్ 1893లోని 2016 నాటి మ్యాప్‌లో మన గుంటూరు భూకంప జోన్ 3లో ఉంది. భూకంపాన్ని తట్టుకునేలా కాంక్రీటు కట్టడానికున్న ఐఎస్ 13920 ప్రకారం పిల్లర్ ఏ వైపూ 300 మిల్లీమీటర్లకు తగ్గకూడదు. 9 అంగుళాలంటే 230 మిల్లీమీటర్లే కదా!

నాకు అసలు భయం స్టిల్ట్ దగ్గరే. పైన గోడలుంటాయి, కింద ఖాళీ. భూమి కదిలితే ఆ ఊపంతా పార్కింగ్ పిల్లర్ల మీదే పడుతుంది. అందుకే షియర్ వాల్స్ (పక్క ఊపును తట్టుకునే కాంక్రీటు గోడలు) అడగండి. అవి లిఫ్ట్ చుట్టూ ఒక మూలకే పరిమితమైతే బిల్డింగ్ మెలి తిరుగుతుంది, రెండు వైపులా సమంగా రావాలి. పిల్లర్ కడ్డీల చుట్టూ వేసే రింగుల కొక్కేలు 135 డిగ్రీలు వంచుతున్నారో లేదో దగ్గరుండి చూడండి. మనవాళ్లు 90 దగ్గర ఆపేస్తుంటారు.

కాంక్రీటు ఎం25 గ్రేడుకి తగ్గొద్దు, స్టీల్ ఎఫ్ఈ 500డి గ్రేడు తీసుకోండి. గోడలకు ఏఏసీ బ్లాకులు (తేలికైన కాంక్రీటు ఇటుకలు) వాడితే బరువు బాగా తగ్గుతుంది.

పునాది గురించి ఇప్పుడే ఏమీ చెప్పలేం. నల్లరేగడి నేలైతే తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే కుంచించుకుపోతుంది. ముందు బోర్లు వేయించి సాయిల్ టెస్ట్ చేయించండి, ఆ రిపోర్టుతో స్ట్రక్చరల్ ఇంజినీరును కలవండి.