మిద్దె తోట ప్రశ్నలు: బరువు, కంపు, ఉప్పు నీళ్లు

ప్రశ్న: మాది మియాపూర్‌లో ఐదంతస్తుల అపార్ట్‌మెంట్. ఇరవై ఇళ్లవాళ్లం కలిసి మిద్దె మీద ఆకుకూరలు వేద్దామనుకుంటున్నాం. ఇటుకలతో అడుగు లోతు మడులు కట్టి ఎర్రమట్టి నింపుతానంటున్నాడు మేస్త్రీ. స్లాబు ఆగుతుందా? నీరు దిగుతుందని పై అంతస్తువాళ్లు ఒప్పుకోవడం లేదు.

జవాబు: ఆ మడులు కట్టించకండి. మనుషులు తిరిగే మిద్దెకు ఐఎస్ 875 (భవనాలు మోయాల్సిన బరువుల గురించిన భారత ప్రమాణం) లెక్కగట్టేది చదరపు మీటరుకు సుమారు 150 కిలోల అదనపు బరువే. తడిసిన ఎర్రమట్టి ఘనపు మీటరు 1,700 కిలోల దాకా తూగుతుంది. అడుగు లోతున పోస్తే చదరపు మీటరుకు 500 కిలోలు, ఇటుకలు కాక! పైగా ఇటుక మడి కింద తడి ఆరదు, వేళ్లు పగుళ్లలోకి దూరతాయి.

తోటకూర, పాలకూర, మెంతికూరలకు 15 సెంటీమీటర్ల మట్టి చాలు. బకెట్‌తో కొలిచి ఎర్రమట్టి మూడు పాళ్లు, కోకోపీట్ (కొబ్బరి పీచు పొట్టు) నాలుగు, వర్మీకంపోస్టు (వానపాముల ఎరువు) మూడు కలపండి. పది బకెట్లకు రెండు గుప్పెళ్ల వేపపిండి. కోకోపీట్‌ను రెండుసార్లు నీళ్లలో కడిగి పిండాకే వాడాలి, అందులో ఉప్పు ఉంటుంది. ఈ మిశ్రమం తడిసినా 15 సెంటీమీటర్ల లోతుకు చదరపు మీటరుకు సుమారు 170 కిలోలే తూగుతుంది. మిద్దెలో సగం నడకదారికి వదిలితే సగటు సగానికి తగ్గుతుంది. టమాటా, వంగ పెట్టే పెద్ద టబ్బులు మాత్రం పిల్లర్ల మీద, దూలాల వెంట ఉండాలి. పాత భవనమైతే ముందు స్ట్రక్చరల్ ఇంజినీరుకు చూపించండి, ఆ ఖర్చుకు వెనకాడొద్దు.

ఇక నీరు దిగడం. నీటి గొట్టాల నోళ్లు గుడ్డతో మూసి, మిద్దె మీద అంగుళం నీళ్లు రెండు రోజులు నిలబెట్టండి. పై అంతస్తువాళ్లనే తమ ఇంటి సీలింగు చూసుకోమనండి. చెమ్మ కనిపిస్తే ముందు వాటర్‌ప్రూఫింగ్, తర్వాతే తోట. ఆకుకూరల ట్రేలు, టబ్బులు ఇనుప స్టాండ్ల మీద జానెడు ఎత్తున ఉంచితే కింద ఊడవచ్చు. జూన్ నుంచి వారానికోసారి నీటి గొట్టాల నోళ్ల మీది జాలీలు తీసి కడగాలి. రాలిన ఆకులు అడ్డుపడి నీళ్లు నిలవడం వల్లే చాలాచోట్ల చెమ్మ దిగుతుంది, పాపం నింద మొక్కల మీద పడుతుంది.

ప్రశ్న: మేం ఎరువు కోసం ఇరవై ఇళ్ల తడిచెత్త ఒకే 200 లీటర్ల డ్రమ్ములో వేస్తున్నాం. పులిసిన కంపు, తెల్లపురుగులు. మానేద్దామా? (ఉప్పల్)

జవాబు: మానకండి, డ్రమ్ములు పెంచండి. ఇంటికి రోజుకు అరకిలో అనుకున్నా పది కిలోలు. ఎండుటాకులు కలిపి వేస్తే డ్రమ్ము పదిరోజుల్లో నిండుతుంది. నిండాక ఎరువు కావడానికి 45 నుంచి 60 రోజులు. అంటే ఆరేడు డ్రమ్ములు వంతులవారీగా తిరగాలి.

పులుపు వాసన వస్తే అన్నం, పప్పు, పెరుగు ఎక్కువై గాలి ఆడటం లేదన్నమాట. ముక్కుకు ఘాటుగా కొడితే పొడిచెత్త తక్కువైంది. బకెట్ కూరగాయ తొక్కలకు బకెట్ ఎండుటాకులు లేదా రంపపు పొట్టు వేయాలి, వండిన పదార్థాలకు రెండు బకెట్లు. గుప్పెడు తీసి గట్టిగా పిండండి: ఒకటి రెండు చుక్కలు రాలితే సరిగ్గా ఉన్నట్టు, ధారగా కారితే పొడిచెత్త వేసి తిరగెయ్యాలి. డ్రమ్ము అడుగున, పక్కల చిటికెనవేలు పట్టే రంధ్రాలుండాలి. పుల్లమజ్జిగ, బెల్లం పోయమంటారు గానీ, రెండు గుప్పెళ్ల పాత ఎరువు అంతకంటే మేలు.

పురుగులు సాధారణంగా నల్ల సోల్జర్ ఈగ పిల్లలే. చెత్త తినిపెడతాయి, హాని లేదు. చూడలేకపోతే పైన రెండంగుళాల పొడిచెత్త కప్పండి.

ప్రశ్న: ఆర్‌ఓ మెషిన్ వదిలే నీళ్లు మొక్కలకు పోయొచ్చా? (మల్కాజ్‌గిరి)

జవాబు: మీ మెషిన్‌లోకి వచ్చేది ఏ నీళ్లో చూసుకోండి. నల్లా నీళ్లయితే ఫర్వాలేదు. బోరు నీళ్లయితే అందులోని ఉప్పు ఇంకా చిక్కబడి బయటికొస్తుంది. ఆకు అంచులు మాడి, కుండీ మీద తెల్లటి పెచ్చు కట్టిందంటే అదే కారణం. టీడీఎస్ (నీటిలో కరిగిన ఉప్పులు) మీటరుతో కొలిచి లీటరుకు 1,000 మిల్లీగ్రాములు దాటితే గచ్చు తుడవడానికే ఉంచండి. అప్పటికే పెచ్చు కట్టిన కుండీకి వాననీళ్లు కుండీకి రెండింతలు పోసి, అడుగు నుంచి పూర్తిగా కారనివ్వండి.