పాత గూగుల్ గ్లాస్ ఫోన్‌కి కలవడం లేదా? ఫోన్ తప్పు కాదు

సెకండ్ హ్యాండ్‌లో కొన్న గూగుల్ గ్లాస్ (కళ్లజోడులా పెట్టుకునే చిన్న కంప్యూటర్) ఆన్ అవుతోంది కానీ, దాన్ని ఫోన్‌కి కలిపే మైగ్లాస్ యాప్‌తో కలవడం లేదన్నారు కదా, ఇక ఫోన్ మార్చి మార్చి చూడకండి. 2020 ఫిబ్రవరి తర్వాత ఆ యాప్ పనిచేయదు. అంతకుముందే, 2019 డిసెంబర్‌లో, ఎక్స్‌ప్లోరర్ ఎడిషన్‌కి, అంటే మామూలు జనానికి అమ్మిన మొదటి గ్లాస్‌కి, గూగుల్ ఆఖరి అప్‌డేట్ ఇచ్చింది. అది వేస్తే గూగుల్ అకౌంట్ లేకుండానే బ్లూటూత్‌తో ఫోన్‌కి కలుస్తుంది, కాకపోతే దానంతటది రాదు, యూఎస్‌బీ కేబుల్‌తో కంప్యూటర్ నుంచి మనమే ఎక్కించాలి. దానికి గూగుల్ ఇచ్చిన గడువు కూడా 2022 ఫిబ్రవరితో అయిపోయింది. జీమెయిల్, యూట్యూబ్ మాత్రం ఇక రావు, ఆశ వదిలేయండి.

అమ్మినాయన తిరిగి తీసుకుంటానంటే ఇచ్చేయడమే మంచిదని నా మాట. 2013లో 1500 డాలర్లు పలికిన వస్తువే, కానీ 5 మెగాపిక్సెల్ కెమెరా, 570 ఎంఏహెచ్ బ్యాటరీ, అదీ ఇన్నేళ్ల పాతది! ఒకసారి స్నేహితుడిది పెట్టుకుని చూశాను, కుడికంటి పైమూలన స్క్రీన్‌గా ఉన్న చిన్న గాజుముక్క కోసం నేను చూపు పైకెత్తినప్పుడల్లా ఎదురుగా కూర్చున్నవాడు "రికార్డ్ చేస్తున్నావా?" అని అడిగాడు. అసలు దాన్ని ముంచింది ధరతో పాటు ఈ అనుమానమే. 2015 జనవరిలో మామూలు జనానికి అమ్మడం ఆపేశారు, ఫ్యాక్టరీల కోసం 2017లో మళ్లీ తెచ్చి, 2023 మార్చిలో అదీ మూసేశారు.

కళ్లజోడులో కెమెరానే కావాలంటే రే-బాన్ మెటా చూడండి, రికార్డింగ్ నడుస్తుంటే ముందువైపు లైటు వెలుగుతుంది. ఆ అప్‌డేట్ ఫైల్ మీ దగ్గర ఉండి, ఎక్కించేటప్పుడు ఎక్కడైనా ఆగితే, స్క్రీన్ మీద వచ్చిన మెసేజ్ ఇక్కడ పెట్టండి.